గంటకు పదిహేను: సుదూర సైకిల్ ప్రయాణాల అసలు లెక్క

1891 సెప్టెంబరులో షార్ల్ టెరాన్ అనే ఫ్రెంచి సైక్లిస్టు పారిస్‌లో బయల్దేరి, పశ్చిమ తీరంలోని బ్రెస్ట్ దాకా వెళ్లి, తిరిగి పారిస్ చేరారు. దాదాపు 1,200 కిలోమీటర్లు. పట్టిన సమయం 71 గంటల 22 నిమిషాలు. భాగించి చూస్తే గంటకు 17 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2017లో మన సైన్యంలో వైద్యుడైన శ్రీనివాస్ గోకుల్‌నాథ్ అమెరికాను ఆ తీరం నుంచి ఈ తీరానికి దాటే ‘రేస్ అక్రాస్ అమెరికా’ను ఒంటరి విభాగంలో పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యారు. 4,900 కిలోమీటర్లకు పైగా దూరం. 11 రోజుల 18 గంటల 45 నిమిషాలు. భాగిస్తే మళ్లీ గంటకు 17 దగ్గరే తేలుతుంది.

ఇద్దరి మధ్య 126 ఏళ్ల ఎడం ఉంది. సైకిళ్లు వేరు, రోడ్లు వేరు, దూరాలు వేరు. అంకె మాత్రం ఒక్కటే. పల్లెలో బడికి వెళ్లే పిల్లలు ఇంచుమించు ఈ వేగంతోనే తొక్కుతారు. వాళ్లకూ వీళ్లకూ తేడా వేగంలో లేదు. తిన్నా, ఆగినా, పడుకున్నా, పంక్చరు వేసుకున్నా గడియారం ఆగకపోవడంలో ఉంది. సుదూర సైకిల్ ప్రయాణం ఎంచుకోవాలన్నా, దానికి సిద్ధం కావాలన్నా ముందు ఈ ఒక్క విషయాన్ని ఒంటబట్టించుకోవాలి. కొత్తవాళ్లలో చాలామంది కాళ్లకు శిక్షణ ఇస్తారు, గడియారాన్ని వదిలేస్తారు. దెబ్బతినేది అక్కడే.

మన దగ్గర ఈ రంగంలోకి అడుగుపెట్టడానికి సులువైన దారి బీఆర్‌ఎం, వాడుకలో బ్రెవే. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ ప్రపంచమంతటా వీటికి నియమాలు పెడుతుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనీర్స్ పర్యవేక్షణలో స్థానిక క్లబ్బులు నడుపుతాయి. ఇది పోటీ కాదు. మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. గడువులోపు చేరారా లేదా అన్నదే ప్రశ్న. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40, 1000కి 75. దారిలో అక్కడక్కడా కంట్రోల్ పాయింట్లు ఉంటాయి. ఒక్కోదానికి తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. బ్రెవే కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కొన్నిచోట్ల ఏటీఎం చీటీయో, బంకు రసీదో సాక్ష్యం. కంట్రోళ్ల మధ్య మన బండి మనమే బాగుచేసుకోవాలి, మన తిండి మనమే చూసుకోవాలి. వెనకాల కారు వేసుకుని రావడం కుదరదు. ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 నాలుగూ పూర్తిచేసినవాళ్లను సూపర్ రాండనీర్ అంటారు.

దూరాలను గడువులతో భాగించండి. 600 వరకు అన్నీ గంటకు 15 చుట్టూనే తిరుగుతాయి. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు గరిష్ఠ గడువు 90 గంటలు. అక్కడ అది 13 పైచిలుకుకు దిగుతుంది. రేస్ అక్రాస్ అమెరికాలో 12 రోజుల గడువు అంటే గంటకు 17 దరిదాపు. అందుకే ‘నా వేగం చాలుతుందా’ అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు, 20 వేగాన్ని మూడు నాలుగు గంటలు హాయిగా నిలబెట్టగలిగితే మీకు వేగం చాలు.

దూరం కాదు, చీకటి

ఏ దూరం ఎంచుకోవాలో తేల్చుకునేటప్పుడు అందరూ కిలోమీటర్లు చూస్తారు. నేనైతే చీకటి గంటలు చూడమంటాను.

డిసెంబరులో హైదరాబాద్‌లో సూర్యుడు సాయంత్రం 5:45 ప్రాంతంలో దిగిపోయి మర్నాడు 6:40 ప్రాంతంలో గాని రాడు. దాదాపు 13 గంటల చీకటి. ఉదయం 6కు మొదలయ్యే 200 బ్రెవేకు గడువు రాత్రి 7:30. తెల్లవారేముందటి మసక వెలుతురును వదిలేస్తే, చివరి నిమిషంలో చేరినా చీకట్లో తొక్కేది గంటా ముప్పావు. 300 అయితే గడువు రాత్రి 2. చీకట్లో 8 గంటలు దాటుతుంది. 400 అయితే మర్నాడు ఉదయం 9, అంటే రాత్రంతా రోడ్డు మీదే. 600 అయితే శనివారం ఉదయం మొదలై ఆదివారం రాత్రి 10కి ముగుస్తుంది; ఒక పూర్తి రాత్రి, పైన మరో నాలుగు గంటలు.

ఇప్పుడు పెరుగుదల చూడండి. 200 నుంచి 300కు దూరం ఒకటిన్నర రెట్లే, చీకటి మాత్రం నాలుగున్నర రెట్లకు పైగా. 300 నుంచి 400కు, 400 నుంచి 600కు చీకటి పెరిగేది అంతకంటే చాలా తక్కువ నిష్పత్తిలో. మొత్తం వరుసలో పెద్ద మెట్టు 200కూ 300కూ మధ్య ఉంది. 200 తేలిగ్గా పూర్తిచేసి, ‘ఇంకో వందే కదా’ అనుకుని వచ్చినవాళ్లు రాత్రి పదింటికి ఏ బస్టాపు బల్ల మీదో కూలబడడానికి కారణం కాళ్లు కాదు.

నిద్రలేమి మీద జరిగిన పరిశోధనల్లో పదే పదే తేలిన విషయం ఒకటుంది. 17 గంటలు మేలుకున్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్పందనకు దగ్గరగా ఉంటుంది. 24 గంటలకు అది 0.10 దాకా పోతుంది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించే హద్దు 0.03. ఉదయం 6కు బయల్దేరాలంటే 4కే లేవాలి. దానికి 17 గంటలు కలిపితే రాత్రి 9. ఆ తర్వాత హైవే మీద లారీల పక్కన మీరు తొక్కే ప్రతి కిలోమీటరూ తాగి తొక్కుతున్నట్టే లెక్క. భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందురోజు రాత్రి 11 దాకా సైకిలు సర్దుకుంటూ కూర్చోవద్దని చెప్పడానికి చెబుతున్నాను. వారం ముందు నుంచే రోజూ 8 గంటల నిద్ర అలవాటు చేసుకున్నవారికి, నాలుగు గంటలు కునికి వచ్చినవారికి తేడా సరిగ్గా రాత్రి 2కూ 5కూ మధ్య తెలుస్తుంది. ఒళ్లు సహజంగానే నిద్రకు లొంగే వేళ అది. కళ్లు మూతలు పడితే ఏ పెట్రోలు బంకు వెలుతురులోనో 20 నిమిషాల అలారం పెట్టుకుని పడుకోవాలి. పడుకునే ముందు ఒక కాఫీ తాగితే మరీ మంచిది, అది పనిచేయడం మొదలుపెట్టేసరికి మీరు లేస్తారు.

చీకటి అంటే లైట్లు కూడా. పెట్టె మీద రాసిన లుమెన్లు చూసి మురిసిపోకండి. ఆ పూర్తి వెలుగు సాధారణంగా గంటో రెండు గంటలో ఉంటుంది. 300–400 లుమెన్ల దగ్గర ఎన్ని గంటలు వస్తుందో ఇంట్లో వెలిగించి పెట్టి కొలవండి. 400 బ్రెవేకు 13 గంటలు సరిపోవాలి, అదీ రెండు వేర్వేరు లైట్లలో. ఒకటి పోతే ఇంకొకటి. నవంబరు, డిసెంబరుల్లో మన జిల్లా రోడ్ల మీద ఈ వెలుగుకు ఇంకో పని ఉంది. కోతల కాలం కాబట్టి రోడ్డు సగందాకా వడ్లు ఆరబోసి, పట్టలు కదలకుండా అంచుల్లో రాళ్లు పెడతారు. పగలు కనిపించే రాయి రాత్రి కనిపించదు. కుక్కలకంటే వీటి గురించే నాకు ఎక్కువ బెంగ.

దారి ఎంపికలోనూ రాత్రినే చూడాలి. హైదరాబాద్–విజయవాడ దారిలో సూర్యాపేట చుట్టుపక్కల ఎన్నింటికైనా టీ, ఇడ్లీ దొరుకుతాయి. లోపలి రాష్ట్ర రహదారుల్లో 9 దాటితే తలుపులన్నీ మూసే ఉంటాయి, నీళ్ల సీసా కూడా దొరకదు. శ్రీశైలం దారి అందంగా ఉంటుంది గాని, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు. అటువైపు సొంతంగా సాధన ప్రయాణం వేసుకునేవాళ్లు ఈ వేళలు చూసుకోకపోతే గేటు దగ్గరే తెల్లవారుతుంది.

ఆగిన నిమిషాల ఖరీదు

20 వేగంతో తొక్కితే 200 కిలోమీటర్లకు 10 గంటలు. మిగిలేది మూడున్నర గంటలు. 18తో తొక్కితే 11 గంటల 7 నిమిషాలు, మిగిలేది 2 గంటల 23 నిమిషాలు. 600లో 20తో అయితే 30 గంటలు తొక్కుడు, 10 గంటలు చేతిలో. 18కి దిగితే చేతిలో 6 గంటల 40 నిమిషాలే. తిండి, నీళ్లు, పంక్చర్లు, బాత్రూము, నిద్ర అన్నీ ఈ మిగులులోనుంచే ఖర్చవుతాయి.

మిగులు పెంచుకోవడానికి రెండు దారులు. మొదటిది వేగం. 20ని 22 చేస్తే 200లో 55 నిమిషాలు కలిసొస్తాయి. కానీ గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఆ రెండు కిలోమీటర్ల కోసం గాలి మీద 33 శాతం అదనంగా ఖర్చుపెట్టాలి. అదీ తొమ్మిది గంటల పాటు. రెండో దారి, నాలుగు చోట్ల ఆగేవారు ఒక్కో చోట 14 నిమిషాలు తగ్గించుకోవడం. కలిసొచ్చేది 56 నిమిషాలు. దీనికి ఒక్క వాటు అదనపు శక్తి అక్కర్లేదు.

అందుకే సాధనలో కాళ్లతోపాటు ఆగడాన్ని కూడా సాధన చేయాలి. కంట్రోల్ చేరగానే ముందు ముద్ర, తర్వాత నీళ్ల సీసాలు, ఆ తర్వాతే తిండి. దాబాలో బిర్యానీ చెప్పారంటే అరగంట పోయినట్టే. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు అప్పటికప్పుడు చేతికొస్తాయి. జట్టుగా వెళ్లేవాళ్లు ఒకరి కోసం ఒకరు ఆగుతూ పోతే ఎంత గట్టి జట్టయినా గడువు తప్పుతుంది. ఐదుగురు ఐదు వేర్వేరు వేళల్లో బాత్రూముకు ఆగితే, ప్రతి ఒక్కరూ అయిదుసార్లు ఆగినట్టు. ఇది మొహమాటం పడాల్సిన విషయం కాదు. బయల్దేరే ముందే ‘కంట్రోళ్ల దగ్గర తప్ప ఆగం’ అని మాట్లాడుకోవాలి.

ఎదురుగాలి కూడా గడియారం లెక్కలోకే వస్తుంది. మనిషీ సైకిలూ సామానూ కలిపి 85 కిలోలు, కాస్త నిటారుగా కూర్చునే భంగిమ అనుకుని వేసిన స్థూల లెక్క ఇది. గాలి లేని చదును రోడ్డు మీద 20 వేగానికి 70 వాట్ల లోపు చాలు. 25కు 110 వాట్లు కావాలి. 10 వేగంతో ఎదురుగాలి వీస్తుంటే, 20 నిలబెట్టడానికి 115 దాటుతుంది. శ్రమ పెంచకుండా అదే 70 వాట్లతో తొక్కితే వేగం 15కు పడిపోతుంది. వెనక్కి తిరిగాక అదే గాలి తోసి 25 దాటిస్తుంది. 100 వెళ్లి 100 వచ్చే దారిలో మొత్తం నష్టం అరగంట చిల్లరే. మొండిగా 20నే పట్టుకుని వేలాడకుండా, శ్రమను స్థిరంగా ఉంచి వేగాన్ని దాని మానాన వదిలేసినవాళ్లు సాయంత్రానికి బాగుంటారు.

అయితే ఇక్కడొక చిక్కుంది. 15తో 100 కిలోమీటర్లు చేరడానికి 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. 100 దగ్గరి కంట్రోల్ మూసేది సరిగ్గా అప్పుడే. టీకి ఆగినా బయటే. కాబట్టి వెళ్లిరావడం దారి అయితే ముందురోజు గాలి సూచన చూడాలి. వెళ్లేటప్పుడే ఎదురుగాలి ఉందనుకుంటే, మొదటి సగంలో కూర్చుని తినడం మానేసి జేబులో తిండితో గడపాలి, లేదా నలుగురు కలిసి వంతులవారీగా ముందు తొక్కాలి. వెనకాల చాటుగా వచ్చేవారికి పావు వంతు దాకా శ్రమ తగ్గుతుంది. మోటారు వాహనాల చాటున పోవడం మాత్రం నిషిద్ధం, ప్రమాదం కూడా.

ఎత్తు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఆ 85 కిలోల్ని 1,000 మీటర్లు పైకెత్తడానికి 100 వాట్ల చొప్పున 2 గంటల 20 నిమిషాలు. విశాఖ నుంచి అరకు వెళ్లేవారు సముద్రమట్టం నుంచి 900 మీటర్లు ఎక్కుతారు. ఆ రెండు గంటలు దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రావు, మలుపుల్లో బ్రేకులు పట్టాల్సిందే కదా. పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో పెద్ద కొండలేవీ లేకపోయినా, చిన్న చిన్న ఎత్తులు కలిపితే 11 వేల మీటర్లు దాటుతుంది. 2019లో అక్కడికి మన దేశం నుంచి వందల మంది వెళ్లారు. సగానికి పైగా గడువులోపు పూర్తి చేయలేకపోయారు. చదును హైవేల మీద సాధన చేసినవారికి ఆగకుండా వచ్చే ఎక్కుదిగుళ్లు, ఆగస్టులోనూ 10 డిగ్రీల కిందికి దిగే రాత్రులు కొత్త. వచ్చేది 2027. వెళ్లదలచినవారు తూర్పు కనుమల్లో ఒకటి రెండు శీతాకాలాలు గడపడం మంచిది.

కడుపు చేయగల పని

ఇలా తొక్కే 70 కిలోల మనిషికి గంటకు 350 నుంచి 450 కేలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ 1,600–2,000 కేలరీలు. పేగులు సాధారణంగా గంటకు 60 గ్రాముల పిండిపదార్థాన్ని పీల్చుకోగలవు; అది 240 కేలరీలు. మిగతాది కొవ్వు నుంచి రావాలి, అది నెమ్మదిగా తొక్కినప్పుడే వస్తుంది. వేగంగా తొక్కితే నిల్వ ముందే ఖాళీ అయి, ఒక్కసారిగా కళ్లు తిరిగి, చేతులు వణుకుతాయి.

60 గ్రాములంటే రెండు అరటిపండ్లు, పైన ఒక ఇడ్లీ. గంట గంటకూ. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే అప్పటికే ఆలస్యం. 200లో మధ్యాహ్నం ఒకేసారి పళ్లెం నిండా భోంచేసి బయల్దేరినవారికి తర్వాతి గంటన్నర పొట్ట బరువుతో కష్టమే. పెరుగన్నంలో ఉప్పు కాస్త ఎక్కువ వేసుకుని కొంచెం కొంచెం తినడం మన ఒంటికీ మన ఎండకీ బాగా పడుతుందని నా నమ్మకం. పొడులు, జెల్స్ వాడేవాళ్లు బ్రెవే రోజున మొదటిసారి రుచి చూడకూడదు.

ఎండలో చెమట గంటకు లీటరు దాటుతుంది, లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము సోడియం పోతుంది. పది గంటలు ఉత్త మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. దాహం తీరలేదేమో అనుకుని ఇంకా నీళ్లు తాగితే ప్రాణం మీదికొస్తుంది. రెండు సీసాల్లో ఒకటి ఎప్పుడూ ఓఆర్‌ఎస్‌దో, ఉప్పు వేసిన మజ్జిగదో, నిమ్మరసందో అయి ఉండాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

ఇక సైకిలు. ఖరీదు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. నిమిషానికి 80 చొప్పున 30 గంటలు తొక్కితే పెడలు 1,44,000 సార్లు తిరుగుతుంది. సీటు అర సెంటీమీటరు కిందకుంటే మోకాలు అన్నిసార్లూ ఆ తప్పు వంపే వంగుతుంది. కొత్త చక్రాలకు పెట్టే డబ్బులో కొంత కొలతలు సరిచూసేవారికి ఇవ్వండి. టైర్లు 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పువి, ట్యూబులు రెండు, టైరు లివర్లు, పంపు, చైన్ లింకు. పంక్చరు చీకట్లో వేసుకోవడం ఇంట్లో లైటు ఆర్పి నేర్చుకోండి. అరచేతులు మొద్దుబారుతున్నాయంటే బరువంతా హ్యాండిల్ మీద పడుతోందని. పది నిమిషాలకోసారి పట్టు మార్చాలి.

సాధనకు హైదరాబాద్ వాళ్లకు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. రాత్రి లైట్లు సరిచూసుకోవడానికి, చీకట్లో నాలుగు గంటలు ఒళ్లు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అది మంచి చోటు. అయితే అది చదునుగా, నీడలో, లారీలు లేకుండా ఉంటుంది. అక్కడి వేగాన్ని హైవే మీద ఆశించకండి. వారానికి మూడు రోజులు గంట చొప్పున, ఆదివారం ఒక పెద్ద ప్రయాణం. 60తో మొదలుపెట్టి, వారం వారం పది పదిహేను చొప్పున పెంచుతూ 130–140 దాకా వెళ్తే 200కు సరిపోతుంది. 300 తర్వాత మాత్రం శని, ఆదివారాలు రెండు రోజులూ వరుసగా 120 చొప్పున తొక్కండి. అలసిన కాళ్లతో మళ్లీ సైకిలెక్కడం ఎలాగో నేర్పేది ఆ రెండో రోజే.

బ్రెవే సీజన్ నవంబరు 1న మొదలై అక్టోబరు 31న ముగుస్తుంది. మన వాతావరణానికి ఇంతకంటే అనుకూలమైన క్రమం లేదు. నవంబరులో 200, డిసెంబరులో 300, జనవరిలో 400, ఫిబ్రవరిలో 600 పెట్టుకుంటే 40 డిగ్రీల ఎండలు ముదిరేలోపు నాలుగూ అయిపోతాయి. నాలుగింటికీ వేసవిలో పేరు ఇచ్చుకునేవారికి నేను ఆగమనే చెబుతాను.

చివరగా 600లో నిద్ర ఎక్కడ అన్నది. ఇది చాలామంది తప్పుగా వేసే లెక్క. ఉదయం 6కు బయల్దేరి, 20తో తొక్కుతూ, మూడు గంటలు ఆగుతూ పోతే అర్ధరాత్రికి 300 దగ్గర ఉంటారు. సగం దూరం అయింది కదా అని అక్కడే లాడ్జీ తీసుకుని నాలుగింటి దాకా పడుకున్నారనుకోండి. అప్పటికి 22 గంటలు గడిచాయి. 360 దగ్గర కంట్రోల్ ఉంటే అది 24 గంటలకు, అంటే 6కు మూతపడుతుంది. రెండు గంటల్లో 60 కిలోమీటర్లు, నిద్ర మత్తులో, కుదిరే పని కాదు. అదే మనిషి మరో రెండు గంటలు తొక్కి 340 దగ్గర 2కు ఆగి, 4:30 దాకా పడుకుంటే 22 గంటల 30 నిమిషాలు అవుతుంది. 360కి 20 కిలోమీటర్లే, గంటన్నర ఉంటుంది. 400 దగ్గరి కంట్రోల్ మూసేది 8:40కి. 60 కిలోమీటర్లకు 4 గంటల 10 నిమిషాలు చేతిలో ఉంటాయి, దారిలో ఇడ్లీకి కూడా ఆగొచ్చు. 300 దగ్గరే పడుకోక తప్పకపోతే అలారం 2:30కి పెట్టుకోవాలి. రూటు షీటు చేతికి రాగానే కంట్రోళ్ల మూసే వేళలు పక్కన పెట్టుకుని ఈ కూడికలు వేయండి. లాడ్జీకి ముందే ఫోన్ చేసి, రాత్రి రెండింటికి వస్తామని, సైకిలు గదిలో పెట్టనివ్వాలని, డబ్బు ముందే కట్టి నాలుగున్నరకు వెళ్లిపోతామని చెప్పి ఉంచండి.